మూలముక్క

కాగితం గ్లాసులంటే నాకు రోత. పెళ్ళిళ్ళలో, సభల్లో సరే, ఏం చేస్తాం. కానీ స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్న ఇంట్లో, గడప దాటి వచ్చిన మనిషి చేతికి కాగితం గ్లాసులో నీళ్ళిస్తే నాకు గిట్టదు. నా కోడలు మంచి పిల్లే. "పనామె వస్తలేదు అత్తమ్మా, గ్లాసులు ఎవరు తోమాలె?" అంటుంది. నిజమే కావచ్చు. కానీ అంతకు ముందు వారం మా అబ్బాయి స్నేహితుడు వచ్చిన రోజు కూడా పనామె రాలేదు. అతనికి స్టీలు గ్లాసే వచ్చింది. మొన్న ప్రభుదాసు గేటు దగ్గర తన పేరు, ఎవరి తాలూకో చెప్పుకున్నాక కాగితం గ్లాసు వచ్చింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు చిన్నప్పటి నుంచే మంచి అభ్యాసం ఉంది.

ప్రభుదాసుకు తల సగానికి పైగా నెరిసింది. మేము పెరిగిన గోదావరిఖనిలోనే ఏదో ఆఫీసులో గుమాస్తా పని చేసి ఈ మధ్యే రిటైరై దిగిపోయాడట. మంచిర్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ ఎండలో నడిచి వచ్చాడు. "నేను దీనమ్మ మనుమణ్ణి మేడం, శాంత కొడుకును. మీరు గుర్తుపట్టరు, మీరు జూసినప్పుడు నేను నాలుగు రోజుల పిల్లగాణ్ణి" అన్నాడు నవ్వుతూ. దీనమ్మ పేరు వినగానే నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. అతను చేతిసంచిలోంచి మడతపెట్టిన బొంత ఒకటి తీసి ఒళ్ళో పరిచాడు. పసిపిల్లలను పడుకోబెట్టే చిన్న బొంత. అడ్డం మూడు, నిలువు నాలుగు, పన్నెండు గడులు. పదకొండు గడులు ఒకే రకం గుడ్డ, ఒకప్పుడు తెలుపు, నీలం అంచు. మూలనున్న పన్నెండో గడి మాత్రం ఎర్ర పూలది. రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది గానీ పూలు తెలుస్తూనే ఉన్నాయి.

"మా చిన్నబిడ్డకు పాప పుట్టింది మేడం. దానికొక బొంత కుట్టిస్తున్న. మా అమ్మ పోయేముందు చెప్పింది, ఎవరికి బొంత కుట్టినా ముందుగాల లచ్చవ్వ ఇంట్ల ముక్క అడుగున్రి అని. లచ్చవ్వ లేదాయె. మీరున్నరని తెలిసి వచ్చిన. జానెడు ముక్క సాలు, ఏ పాత చీరదైనా." లచ్చవ్వ మా అమ్మ. తెస్తానని చెప్పి నేను లోపలి గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి, అవ్వ ఆఖరి రోజుల్లో కట్టిన నేత చీర తీసి, కత్తెర పట్టుకుని మంచం మీద కూలబడ్డాను. బయట మనిషి ఎదురుచూస్తున్నాడని తెలుసు. అయినా లేవలేకపోయాను.

మేము అవ్వ అని పిలిచేది అమ్మనే. నాయిన బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ పని చేసేవాడు, అంటే పార పట్టి బొగ్గు ఎత్తి డబ్బాల్లో నింపే పని. కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్ళం. లైనుకు పది గడపలు, పది గడపలకు ఒకటే నల్లా. తెల్లవారుతూనే పది వాకిళ్ళలో పది బొగ్గు పొయ్యిలు రాజుకునేవి. ఆ పొగ లైనంతా కమ్మి, మొదటి షిఫ్టు సైరను మోగే వేళకు ఎదుటి మనిషి మొహం కనిపించేది కాదు. ఆ పొగ వాసన అంటే ఇప్పుడు చాలామంది పాతవాళ్ళు పులకించిపోయి మాట్లాడతారు. నాకు ఏ పులకింతా లేదు. కళ్ళు మండేవి, అన్నంలో మసి పడేది, ముక్కు చీదితే నల్లగా వచ్చేది. నాయిన డ్యూటీ దిగి రాగానే స్నానాలు చేసే జాలాటలో కూర్చుని దగ్గి దగ్గి ఉమ్మితే, ఆ కళ్ళె బండ మీద నల్లగా తారులా అతుక్కునేది. దాన్ని చెంబుడు నీళ్ళతో కడిగే పని నాది. నేను ముక్కు మూసుకుని, తల పక్కకు తిప్పుకుని దూరం నుంచి నీళ్ళు విసిరేదాన్ని. "మా దొరసాని బిడ్డకు రోత ఎక్కువ" అని నాయిన మురిసిపోయేవాడు. నేనూ మురిసేదాన్ని. రోత పడటం గొప్ప ఇంట్లో పుట్టినవాళ్ళ లక్షణమని ఎక్కడ నేర్చుకున్నానో తెలియదు. గొర్లు కాసిన తాతల మనుమరాలిని.

అవ్వకు ఇలాంటి రోతలు లేవు. లైనులో ఎవరింట పాత గుడ్డ చిరిగినా అవ్వ దగ్గరికే వచ్చేది. బాయి పనికి తొడిగిన నిక్కర్లు, చెమట పట్టి చీకిపోయిన బనీన్లు, బాలింతల చీరలు, ముసలోళ్ళు పోయాక మిగిలిన పంచెలు. అన్నిటినీ పెద్ద డేకిసాలో బట్టల సోడా వేసి ఉడకబెట్టేది. ఆ ఉడుకు వాసన గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఓకరింత వస్తుంది. చెమట, సోడా, బొగ్గు, పాత పాలు, ఎవరిదో జబ్బు, అన్నీ కలిసిన వాసన. అవ్వ కర్రతో తిప్పుతూ తమలపాకు నములుతూ నిలబడేది. ఆరిన తర్వాత గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి గట్టిగా పీల్చి, ఏ ఇంటిదో చెప్పేది. ఎంత ఉడికించినా ఇంటి వాసన పోదట.

ఆ గుడ్డల్ని జానెడు గడులుగా కోసి, ఒకదానికొకటి జత చేసి, కింద పాత చీర పరిచి, నడుమ పేలికలు పేర్చి, పెద్ద బొంతలు కుట్టేది. దబ్బుడం ఎప్పుడూ కొప్పులో గుచ్చి ఉండేది. కుట్టు మూలన మొదలుపెట్టి, అంచు వెంబడి తిరిగి తిరిగి లోపలికి పోయేది, ముగ్గు వేసినట్టు. మొదటి ముడి మూలగడి లోపల దాచేది. ఆ ముడి ఎక్కడుందో పైకి కనిపించదు. అవ్వ నాకు మాత్రం వేలుపెట్టి చూపించింది. "ఇది ఊడితె బొంత మొత్తం ఊడుతది, ఎవలకు చెప్పకు" అన్నది. ఒక్కో పెద్ద బొంతకు నాలుగో ఐదో గడులు మిగిలిపోయేవి. వాటిని పాత బిస్కెట్ డబ్బాలో వేసి ఉంచేది. పదకొండు కాగానే, మూలకు ఇంకొకటి కలిపితే ఒక పిల్లబొంత తయారు.

పిల్లబొంత ఎవరూ అడిగి కుట్టించుకునేది కాదు. లైనులో ఎవరింట కాన్పు అయినా, పురుటి స్నానం నాటికి అవ్వే తీసుకుపోయి ఇచ్చేది. కొత్తగుడ్డ పసిబిడ్డ ఒంటికి పనికిరాదని ఒక నమ్మకం. పది ఇళ్ళ గుడ్డ మీద పెరిగిన బిడ్డకు దిష్టి తగలదని ఇంకోటి. బొంత అందుకున్న ఇల్లు, తిరిగి తమ ఇంటి పాతగుడ్డ ఒక ముక్క అవ్వకు ఇవ్వాలి. అది తర్వాత పుట్టే బిడ్డ బొంతలోకి పోతుంది. అట్లా ప్రతి బొంతలో అందరి ఇళ్ళూ ఉండేవి. ఒక్క మూలగడి మాత్రం వేరే లెక్క. అది బిడ్డను పట్టిన మనిషి గుడ్డ అయి ఉండాలి. తల్లి కడుపులోంచి వచ్చిన బిడ్డను ఎవరి చేతులు మొదట పట్టుకున్నాయో, వాళ్ళ చీర ముక్క మూలన పడాలి, ముడి అందులో పడాలి. ఊళ్ళో మంత్రసాని చీర. ఇక్కడ దవాఖాన ఆయా చీర.

ఆ ఆయా దీనమ్మ. తెల్ల చీర, నీలం అంచు. అవ్వ ఆమెను వదినె అనేది, నేను అత్త అనేదాన్ని. వాళ్ళ తాతల కాలంలోనే చర్చిలో కలిశారు. అంతకు ముందు ఊరు అంటరానివాళ్ళని చెప్పి అవతలికి నెట్టిన వాడలో ఉండేవాళ్ళు. చర్చిలో కలిస్తే ఊరు మర్చిపోతుందా? మర్చిపోదు. కానీ అవ్వ ఎప్పుడూ పట్టించుకోలేదు. దీనత్త డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా ఇంట్లో ఆగేది. తనే లోపలికి వచ్చి కుండ మూత తీసి నీళ్ళు ముంచుకుని తాగేది. తర్వాత అవ్వతో పాటు గడపలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేది. ఆమెకు ఒక్కతే బిడ్డ, శాంత. పెళ్ళయి అయిదేళ్ళకు అప్పుడే నెల తప్పింది. "వదినె, ఇన్నొద్దుల సంది మంది పిల్లలను పట్టిన. నా మనుమనికి మాత్రం ఒక పిల్లబొంత కుట్టియ్యి. మన లైను ఇండ్లన్నిట్లకెల్లి ముక్కలు ఉండాలె" అని అడిగింది. ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం నేను విన్నది అదొక్కసారే. అవ్వ ఆ రోజే డబ్బాలో వేరే గుడ్డ పరిచి, ఒక్కో ఇంటి గడీ ఏరి దాంట్లో దాచింది.

మా లైను మొదట్లో, కాస్త పెద్ద క్వార్టర్లో, బాయిలో పనివాళ్ళ మీద పెత్తనం చేసే సర్దారు కుటుంబం ఉండేది. అతని భార్యను అందరూ సర్దారమ్మ అనేవాళ్ళు. వాళ్ళ పెద్దబిడ్డకు వరసగా రెండు కాన్పులు పోయాయి. మూడోసారి బిడ్డ నిలిచింది. దీనత్తే పట్టింది. ఊపిరి తీయకుండా నల్లబడిన బిడ్డను తలకిందులు చేసి, వీపు మీద చరిచి, నోట్లో నోరు పెట్టి గాలి ఊది బతికించిందని సర్దారమ్మే నల్లా దగ్గర కథలు కథలుగా చెప్పింది. అవ్వ పిల్లబొంత ఇచ్చింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల కార్యం. లైనంతా అక్కడే ఉంది. సర్దారమ్మ బొంత ఎత్తి చూపిస్తూ, "ఈ మూల తెల్లముక్క జూసిన్రా? పెద్ద డాక్టరమ్మ చీరది. లచ్చవ్వ ఎట్ల సంపాయించిందో ఏమో" అన్నది. అప్పుడు తెలిసింది నాకు, లైనులో ఆడవాళ్ళందరూ ఇన్నాళ్ళూ అట్లాగే అనుకుంటున్నారని. తెల్లగుడ్డ కదా, దవాఖాన కదా, అయితే డాక్టరమ్మదే. బిడ్డల్ని పట్టింది దీనత్తని తెలిసీ, ముక్క మాత్రం పెద్ద డాక్టరమ్మదని వాళ్ళకు వాళ్ళే నమ్మేసుకున్నారు. దీనత్త అరుగు కింద నిలబడి ఉంది. పాపం, ఆమెకు నవ్వొచ్చింది. "డాక్టరమ్మది కాదమ్మ, నాది. బిడ్డను పట్టింది నేనే గద" అన్నది.

సర్దారమ్మ బిడ్డను బొంత మీది నుంచి ఎత్తేసింది. పెసర గుడాలు పంచుతుంటే దీనత్తకు విస్తరిముక్కలో పెట్టి అరుగు చివరన ఉంచారు. ఆమె తీసుకోకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున సర్దారమ్మ ఆ బొంతను కట్టెపుల్ల చివరన వేలాడదీసుకుని తెచ్చి మా గడప ముందు పడేసింది. చచ్చిన ఎలుకను తెచ్చినట్టు తెచ్చింది. నల్లా దగ్గరున్న ఆడవాళ్ళందరూ బిందెలు దించి చూస్తున్నారు.

"ఇగో లచ్చవ్వ, నీ బొంత. ఎవరి కోక తెచ్చి ఎవరి కింద పరిచినవ్?"

"పట్టినామె కోకనే పరిచిన. మన ఆచారమే గదనే" అన్నది అవ్వ. "ఊర్లె నిన్ను పట్టింది ఎవరు? ఏ దొరసాని వచ్చి పట్టింది?"

"ఊరు ఊరే. ఇది కాలనీ. అక్కడంటే గతి లేక. ఇక్కడ దవాఖాన ఉన్నది."

"ఆ దవాఖానల ఉన్నది గూడ ఆమెనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఎక్కువ చేటు చేసింది. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే రావడం మొదలైంది. బొంత వద్దని ఎవరూ అనలేదు. వదలరు కదా, లచ్చవ్వ బొంత మీద పడుకున్న బిడ్డలు బతికి బట్టకట్టారు. సర్దారమ్మ కూడా సాయంత్రానికి మనసు మార్చుకుని బొంతను తిరిగి తీసుకుపోయింది, బిడ్డ ఏడుస్తుందట, ఆ బొంత లేకపోతే నిద్రపోదట. వాళ్ళకు కావలసింది ఒకటే, ఆ మూలముక్క ఇప్పి పారేయాలి. అదృష్టం కావాలి, దాన్ని తెచ్చిన చెయ్యి వద్దు. ఇంకో మాట కూడా మొదలైంది. దీనత్త మనుమని కోసం డబ్బాలో దాచిన గడులు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలట. తమ ఇంటి గుడ్డ వాళ్ళ కింద పడితే తమకు కీడట. అవ్వ డబ్బా మీద కూర్చుని, "నేను బతికుండంగ ఇప్ప. నేను బతికుండంగ ఇయ్య" అన్నది. అప్పుడు అవ్వ ఎంత ఒంటరిదైందో నాకిప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నల్లా దగ్గర నా బిందెను పక్కకు నెట్టేస్తున్నారు. సర్దారమ్మ చిన్నబిడ్డ విమల బడికి పోయేటప్పుడు నన్ను పిలవడం మానేసింది.

నాలుగు రోజులకు అమ్మమ్మకు బాగాలేదని కబురొచ్చి అవ్వ ఊరికి పోయింది. ఆ పొద్దే సర్దారమ్మ నన్ను పిలిపించింది. ఆ ఇంట్లో నేనెప్పుడు వెళ్ళినా గడప దగ్గర కింద కూర్చునేదాన్ని. రేడియో అక్కడి నుంచే వినేదాన్ని. మా కులానికి ఆ ఇంట్లో గడప దాకానే చోటు. ఆ రోజు, "రా బిడ్డ, కుర్చీల కూసో" అన్నది. బెత్తంతో అల్లిన కుర్చీ. విమల రేడియో పెట్టింది. చేతికి బ్లేడు ఇచ్చారు. "నీ అవ్వ కుట్టు నీకెరుకే గద. బొంత పాడుకాకుంట ఆ ముక్క ఒక్కటి తియ్యి" అన్నది సర్దారమ్మ.

తీశాను. ఎవరికీ చెప్పవద్దని అవ్వ వేలుపెట్టి చూపించిన ముడిని నేనే వెతికి కోశాను. ఒక్కటి కాదు. మిగతా ఇళ్ళవాళ్ళూ తెచ్చారు. మా అరుగు మీద కూర్చుని, ఆ రోజూ తర్వాతి రోజూ కలిపి పదకొండు బొంతల మూలలు ఇప్పాను. ఒక్కో తెల్లముక్కా ఊడి వస్తుంటే చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు మొహాలు చిట్లించి వెనక్కి జరిగేవాళ్ళు. నేనూ వాళ్ళలాగే రెండు వేళ్ళతో అంచు పట్టుకుని పక్కన పడేసేదాన్ని. ఎంత బాగుండేదో చెబితే మీకు నామీద అసహ్యం వేయాలి, నాకు వేస్తుంది. అందరూ, "సుగుణ మంచిది, బుద్ధిమంతురాలు" అంటుంటే ఒళ్ళు గాలిలో తేలింది. అడక్కుండానే లోపలికి పోయి డబ్బా తెచ్చి మూత తీసి, ఎవరి గడి వాళ్ళకు పంచిపెట్టాను. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. బొగ్గుబాయి పక్కన పెరిగి, పొద్దస్తమానం నలుపు కడుక్కుంటూ బతికిన మాకు మాత్రం తెలిసి ఏడ్చిందా?

రెండో రోజు పట్టపగలు దీనత్త వచ్చింది. అప్పటికి అందరూ వెళ్ళిపోయారు. ఆమె అరుగు కింద ఆగి, "ఏం కుడుతున్నవ్ బిడ్డ?" అన్నది.

"కుడుతలేను. ఇప్పుతున్న."

ఆమె తెల్లముక్కల గుట్టను చూసింది. మూత తీసి ఉన్న ఖాళీ డబ్బాను చూసింది. "అవ్వ ఇప్పుమన్నదా?"

"లేదు. అవ్వ ఊరికి పోయింది."

చెమట పట్టి ఆమె చీర వీపుకు అతుక్కుంది. తర్వాత మెల్లగా అరుగు అంచున కూర్చుని, "గొంతెండింది బిడ్డ. ఇన్ని నీళ్ళియ్యి" అన్నది. ఎప్పుడూ తనే లోపలికి వచ్చి ముంచుకునే మనిషి, ఆ రోజు లేవలేదు. నేను లోపలికి పోయి చెంబు నింపి తెచ్చాను. ఆమె చెంబు కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. గడప మీద నిలబడి, చెంబు ఎత్తి వంచాను. చాపిన చెయ్యి ఒక్క క్షణం అట్లాగే ఆగింది. తర్వాత రెండో చెయ్యి వచ్చి దాని పక్కన చేరింది. దోసిట్లో పోశాను. నీళ్ళు ఆమె మణికట్ల మీదుగా కారి తెల్లముక్కల మీద పడ్డాయి. ఆమె తాగింది, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "సల్లగున్నయ్ బిడ్డ" అని లేచి వెళ్ళిపోయింది.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బొంతలు ఇప్పమని సర్దారమ్మ చెప్పింది, పిల్లదానికి ఏం తెలుసు అని తప్పించుకోవచ్చు. నీళ్ళు పైనుంచి పోయమని ఎవరూ చెప్పలేదు. నా చేతులకు నేనే నేర్పుకున్నాను. పదకొండేళ్ళ పిల్లకు ఆ చెంబు ఎంత ఎత్తున పట్టాలో కూడా సరిగ్గా తెలిసింది.

అవ్వ మూడో రోజు వచ్చింది. ఖాళీ డబ్బా చూసింది, ముక్కల గుట్ట చూసింది. నన్ను కొట్టలేదు. కొడితే బాగుండును. "దీన వదినె వచ్చిందా?" అన్నది.

"వచ్చింది. నీళ్ళు తాగింది."

"ఎట్ల ఇచ్చినవ్?"

నేను రెండు చేతులూ లంగాకు తుడుచుకున్నాను. అవ్వ నా చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. జాలాటలో నాయిన కళ్ళెను నేను చూసే చూపు అది.

ఆ సాయంత్రం బతుకమ్మ పండక్కి కుట్టించిన నా ఎర్రపూల లంగా తెమ్మన్నది. ముందు భాగంలోంచి జానెడు గడి కోసింది. పదకొండు తెల్లముక్కల్ని ఉతికి, ఆరేసి, వాటికి నా ఎర్రముక్క కలిపి పిల్లబొంత కుట్టింది. మూలన నాదే పెట్టింది. కుట్టడం అయ్యాక బొంత నా ముందు వేసి, "ముడి నీ ముక్కల ఏసిన. ఇప్పాల్నంటె ఇగ నీదే ఇప్పాలె" అన్నది. లంగాకు పడ్డ కంతను గోనెగుడ్డతో మాసిక వేసి, నేను పెరిగి పొట్టిదయ్యేదాకా అదే కట్టుకోమన్నది. కట్టుకున్నాను.

శాంతకు కొడుకు పుట్టాక ఆ బొంత ఇవ్వడానికి నన్నొక్కదాన్నే పంపింది. చర్చి వెనక రెండు అర్రల ఇల్లు, మా ఇంటికంటే శుభ్రంగా ఉంది. దీనత్త బొంత విప్పి చూసింది. లైను ఇళ్ళ గుడ్డలు ఒక్కటీ లేవు, అన్నీ తన చీరలే. ఆఖరికి ఎర్రపూల మీద చెయ్యి పెట్టి, నా లంగా మాసిక వైపు చూసి, "ఇది నీదా బిడ్డ?" అన్నది. తలాడించాను. లోపలికి పోయి, పూల కప్పులో చాయ్ తెచ్చి ఇచ్చింది. పొగలు వస్తున్నాయి. తాగాలని ఉంది. కానీ చెయ్యి రాలేదు. "తాగొచ్చిన" అన్నాను. ఆమె కప్పును గోడ మీద పెట్టింది. మళ్ళీ ఆమె మా ఇంటికి రాలేదు. అవ్వే అప్పుడప్పుడు పోయి వచ్చేది. మూలలు ఇప్పిన బొంతలన్నీ ఒక వానాకాలం గడవకుండానే పోగులు పోగులుగా విడిపోయాయి. కుట్టి ఇవ్వమని మళ్ళీ వచ్చిన ఆడవాళ్ళతో అవ్వ "దారం లేదు" అనేది. పిల్లబొంత మళ్ళీ కుట్టలేదు.

ఇప్పుడు ఆ లైను లేదు. బాయి పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలైంది, గుట్టల మీద తుమ్మలు మొలిచాయి. ఆ లైనులో పెరిగిన మేమందరం మేడలు కట్టుకున్నాం. కుల సంఘాల వనభోజనాల్లో కలుసుకుని, మా కాలనీలో అందరం ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్ళమో మైకు పట్టుకుని చెబుతాం. నేనూ ఒకసారి చెప్పాను, చప్పట్లు కొట్టారు. పుట్టిన బిడ్డలకు దుకాణాల్లోంచి ఎలుగుబంటి బొమ్మల బొంతలు వస్తున్నాయి, జిప్పు సంచీలో. వాటిలో ఎవరి ఇల్లూ ఉండదు, ఎవరి వాసనా ఉండదు. అప్పుడు అందరి గుడ్డా ఉండి ఒక్క ముక్క ఇప్పాం. ఇప్పుడు ఇప్పాల్సిన అవసరం కూడా లేకుండా చేసుకున్నాం. ఏది నయమో నన్నడగకండి, రెండూ రోతే.

కత్తెరతో అవ్వ చీర అంచులోంచి జానెడు ముక్క కోసి, హాల్లోకి వచ్చాను. ప్రభుదాసు బొంత మూలను వేళ్ళతో నిమురుతూ కూర్చున్నాడు. ముందు బల్ల మీద కాగితం గ్లాసు, నిండా నీళ్ళు. నేను ముక్కను దాని పక్కన పెట్టాను.

"ఈ పూల ముక్క మీదేనట గద మేడం" అన్నాడు. "అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది. ఎండల గొంతెండి పోతె ఒక పిల్ల నాకు కడుపునిండ నీళ్ళిచ్చింది, ఆ పిల్ల లంగా ముక్క ఇది, లైనోళ్ళందరి తరఫున ఈ ఒక్కటి సాలు అని. సచ్చేదాక గదే మాట."

ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఎంత హాయిగా అనిపించిందో. అవును బిడ్డా అని తలాడిస్తే అయిపోయేది. దీనత్త నా కోసం అన్నేళ్ళు మోసిన మాట అది, దాన్ని అట్లాగే అందుకుని కళ్ళొత్తుకోవచ్చు. ఆ హాయి చూసి నామీద నాకే డోకు వచ్చింది.

"ఇయ్యలేదు బిడ్డా" అన్నాను. "పోసిన. గడప మీద నిలబడి దోసిట్ల పోసిన. చెంబు ముట్టనియ్యలేదు. లైనోళ్ళ ముక్కలు నేనే ఎవలయి వాళ్ళకు ఇచ్చేసిన. ఆ తెల్లముక్కలన్ని నేను బొంతలల్లకెల్లి ఇప్పినయే."

అతను మొదట అర్థం కానట్టు నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నవ్వు ఆగింది. ఎర్రముక్క మీది నుంచి చెయ్యి తీసేశాడు. తలెత్తి నావైపు చూడలేదు, బల్ల మీది కాగితం గ్లాసు వైపు చూశాడు. దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వంటింట్లోంచి కోడలు తొంగి చూసి, "అయ్యో, నీళ్ళు తాగలేదేంది సార్?" అన్నది.

"తాగొచ్చినమ్మ" అన్నాడు ప్రభుదాసు.

బొంతను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "పోయొస్త మేడం" అని చెప్పులు వేసుకున్నాడు. గొంతులో కోపం లేదు. గేటు వేసిన చప్పుడు కూడా మెల్లగానే వినిపించింది.

"ముక్క మర్చిపోయిండు అత్తమ్మా, పిలవనా?" అన్నది కోడలు. వద్దన్నాను. ఆమె గ్లాసు తీసి నీళ్ళు తొట్టిలో పోసి, గ్లాసును నలిపి చెత్తబుట్టలో వేసింది. తర్వాత అవ్వ చీర ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "మరి ఇదేం చెయ్యాలె?" అని అడిగింది. దాన్ని నా ఇంట్లోంచి అడిగేవాళ్ళు ఇక ఎవరూ లేరు.